మూడో డ్రమ్ముకి గానీ అంటుకోలేదు

మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తోంది. 1916 సెప్టెంబరు 3, తెల్లవారుజామున రెండు దాటింది. లండన్‌కు ఉత్తరాన ఆకాశంలో, 21 ఏళ్ల బ్రిటిష్ పైలట్ విలియం లీఫ్ రాబిన్సన్ ఒక జర్మన్ ఆకాశనౌక (తేలిక వాయువు సంచులతో గాలిలో తేలే భారీ నౌక) కిందికి చేరాడు. ఎస్‌ఎల్ 11 అనే ఆ నౌక పొడవు 174 మీటర్లు, కడుపు నిండా హైడ్రోజన్. అతని తుపాకీలో ఉన్నవి నిప్పు పెట్టడానికని ప్రత్యేకంగా చేసిన తూటాలు. ముక్కు నుంచి తోక దాకా ఒక డ్రమ్ము (మెషిన్‌గన్‌కు తగిలించే గుండ్రటి తూటాల డబ్బా) తూటాలు కాల్చాడు. ఏమీ కాలేదు. పక్కకు వచ్చి ఇంకో డ్రమ్ము ఖాళీ చేశాడు. అప్పుడూ ఏమీ కాలేదు. మూడోసారి వెనక్కి వెళ్లి, 150 మీటర్ల దూరం నుంచి ఒకే చోటికి గురిపెట్టి డ్రమ్ము మొత్తం కాల్చాడు. అది అయిపోతుండగానే ఆ చోటు లోపల్నుంచి వెలగడం మొదలైంది. కొన్ని సెకన్లలో వెనకభాగమంతా మంటలు. అందులో ఉన్న 16 మందిలో ఒక్కరూ బతకలేదు.

ఈ ఘటన గురించి చదివినప్పుడల్లా నా మనసు ఆ మొదటి రెండు డ్రమ్ముల దగ్గరే ఆగిపోతుంది. చిన్న నిప్పురవ్వకే భగ్గుమనే వాయువు, దాని మీద నిప్పు తూటాల వాన. అయినా ఎందుకు అంటుకోలేదు?

హైడ్రోజన్ తనంతట తాను మండదు కాబట్టి. దానికి గాలి కలవాలి. గాలిలో హైడ్రోజన్ 4 నుంచి 75 శాతం మధ్య ఉంటేనే మంట పుడుతుంది. ఆకాశనౌక సంచుల లోపల ఉన్నది దాదాపు శుద్ధమైన హైడ్రోజన్. అక్కడ వెలిగించిన పుల్ల పెట్టినా ఆరిపోతుంది. మన వంటగ్యాస్ సంగతీ ఇంతే. సిలిండర్ లోపల ఎంత గ్యాస్ ఉన్నా అక్కడ మంట ఉండదు. అది లీకై వంటగది గాలిలో 2 నుంచి 9 శాతం దాకా కలిసినప్పుడే అసలు ప్రమాదం. గ్యాస్ వాసన వస్తే లైటు స్విచ్చి ముట్టుకోవద్దని పెద్దవాళ్లు అరిచేది అందుకే.

1915 జనవరిలో ఇంగ్లండ్ మీద జెప్పెలిన్లనే జర్మన్ ఆకాశనౌకల దాడులు మొదలైనప్పుడు మామూలు తూటాలు పెద్దగా పనిచేయలేదు. ఆవుపేగుల పొరలతో చేసిన ఆ సంచుల్లో తూటా చేసే చిల్లు చిటికెనవేలంత. ఆ చిల్లులోంచి వాయువు మెల్లగా కారేది, అంతే. ఎగురుతుండగానే సిబ్బంది వాటికి అతుకులు వేసేవారు.

అప్పుడు ముగ్గురి పేర్లతో మూడు రకాల తూటాలు వచ్చాయి. బకింగ్‌హామ్ తూటాలో తెల్ల భాస్వరం ఉండేది. పేల్చినప్పుడు పుట్టే వేడికి తూటా పక్కనున్న చిల్లును మూసిన టంకం కరిగిపోయి, భాస్వరం గాలి తగిలి మండుతూ, పొగ చార వదులుతూ వెళ్లేది. సుమారు 300 మీటర్లు దాటాక దాని నిప్పు అయిపోయేది. పోమెరాయ్, బ్రాక్ తూటాలు తగిలిన చోట పేలేవి. ఫ్రాంక్ బ్రాక్ తరతరాలుగా బాణసంచా తయారు చేసిన కుటుంబంలో పుట్టినవాడు. పండగ వెలుగుల కోసం నేర్చిన విద్య ఇక్కడికి చేరిందంటే నాకు బాధగానే ఉంటుంది. అతనూ 1918లో బెల్జియంలోని జీబ్రుగ్గె రేవు మీద బ్రిటిష్ దాడిలో చనిపోయాడు.

అసలు కిటుకు ఈ తూటాలను కలిపి వాడటంలో ఉంది. పేలేవి సంచిని చీల్చి వాయువును బయటికి రప్పించాలి, అది గాలితో కలవాలి, అప్పుడు వెనకొచ్చే నిప్పు దానికి తగలాలి. పొడుగునా చల్లిన తూటాల వల్ల అక్కడో చిల్లు, ఇక్కడో చిల్లు. ఒకే చోట పడ్డ మూడో డ్రమ్ము మాత్రం గాలి, వాయువు కలిసే చోటును తయారు చేసింది. కిటుకు తెలిశాక ఆ సెప్టెంబరు నుంచి నవంబరు లోపల ఎల్ 32, ఎల్ 31, ఎల్ 34, ఎల్ 21 అనే ఆకాశనౌకలూ అదే దారి పట్టాయి.

పెట్రోలుదీ ఇదే కథ. సినిమాలో హీరో కారు ట్యాంకును ఒక్క తూటాతో పేల్చేస్తాడు. నిజానికి మామూలు తూటా ట్యాంకుకు చిల్లు పెడుతుంది, పెట్రోలు కారుతుంది. ద్రవం మండదు, దాని ఆవిరి గాలిలో ఒకటిన్నర నుంచి ఏడున్నర శాతం దాకా ఉన్నప్పుడే మండుతుంది. రెండో ప్రపంచ యుద్ధంలో నిప్పు తూటాలు బాగా పనిచేసింది కూడా ట్యాంకు చిల్లుపడి, కారిన పెట్రోలు విమానం లోపలి ఖాళీల్లో ఆవిరైనప్పుడే. దానికి విరుగుడుగా ట్యాంకులకు రబ్బరు పొర వేశారు. పెట్రోలు తగిలితే ఆ రబ్బరు ఉబ్బి చిల్లు తనే మూసుకుంటుంది. ఆ తర్వాత వచ్చిన జెట్ విమానాల్లో వాడేది కిరోసిన్ లాంటి ఇంధనం. అది పెట్రోలంత తేలిగ్గా ఆవిరి కాదు, పైగా బాగా ఎత్తులో గాలే పలుచన. దాంతో తూటాలోని నిప్పుకు పని ఇంకా కష్టమైంది.

ఇప్పుడు యుద్ధ విమానాల్లో ఇంకో అడుగు ముందుకు వేశారు. ఇంధనం తగ్గేకొద్దీ ట్యాంకులో పైన ఏర్పడే ఖాళీని నైట్రోజన్‌తో నింపుతారు. 1996లో టీడబ్ల్యూఏ 800 అనే అమెరికా ప్రయాణికుల విమానం ట్యాంకులోని ఆవిరి అంటుకుని 230 మంది చనిపోయాక, ప్రయాణికుల జెట్‌లలోకీ ఈ ఏర్పాటు వచ్చింది. బయటి గాలిలోంచి ఆక్సిజన్‌ను చాలావరకు వడకట్టి, మిగిలినదాన్ని ట్యాంకులోకి పంపుతారు. అక్కడ ఆవిరి ఉంటుంది, రవ్వ పుట్టినా పుట్టవచ్చు, మంటకు కావలసినంత ఆక్సిజన్ మాత్రం ఉండదు. ఆ రాత్రి మొదటి రెండు డ్రమ్ములు తగిలిన హైడ్రోజన్ సంచుల్లో లేనిదీ అదే.