తోట వాడిందా, కెమెరా మసకబారిందా?

చిత్తూరు చుట్టుపక్కల మామిడి తోటల మీద పదేళ్లుగా తీసిన ఉపగ్రహ చిత్రాలను వరసగా పెట్టి చూశారనుకోండి. ఏటేటా పచ్చదనం కొద్దికొద్దిగా తగ్గుతున్నట్టు కనిపించింది. బోర్లు ఎండిపోయి తోతాపురి చెట్లు నీరసించాయా, లేక పైన తిరుగుతున్న కెమెరాకే చూపు తగ్గిందా? చిత్రాన్ని ఎంతసేపు చూసినా దీనికి జవాబు దొరకదు. కెమెరాను విడిగా పరీక్షించాలి. ఆ పరీక్షను, దాని తర్వాత చేసే సవరణను కలిపి క్యాలిబ్రేషన్ అంటారు. శ్రీహరికోట ఇప్పుడు తిరుపతి జిల్లాలోనే ఉంది కాబట్టి రాకెట్ల గురించి ఇక్కడి పిల్లలు కూడా గడగడా చెబుతారు. రాకెట్ వెళ్లిపోయాక ఏళ్ల తరబడి సాగే ఈ పని గురించి మాట్లాడేవాళ్లు మాత్రం తక్కువ. నన్నడిగితే, ఉపగ్రహం పంపే చిత్రానికి విలువ వచ్చేది ఇక్కడే.

2011 ఏప్రిల్ 20న పీఎస్ఎల్‌వీ-సీ16 రాకెట్ శ్రీహరికోట నుంచి, నేలను చిత్రించే రిసోర్స్‌శాట్-2 ఉపగ్రహాన్ని మోసుకెళ్లింది. అందులోని లిస్-3 కెమెరా మన ఫోన్ కెమెరాలా ఒక్క క్లిక్‌తో బొమ్మ తీయదు. దానిలో ఒక్కో రంగుకు 6,000 కాంతి గ్రాహకాలు ఒకే వరసలో ఉంటాయి. ఒక్కోటి నేల మీద 23.5 మీటర్ల ముక్కను చూస్తుంది. అంటే వరస మొత్తం 141 కిలోమీటర్లు. తూర్పు పడమరలుగా చిత్తూరు నుంచి శ్రీహరికోట దాకా ఒకే గీతలో పట్టేస్తుంది. ఉపగ్రహం ముందుకు సాగుతుంటే గీత కింద గీత చేరి బొమ్మ తయారవుతుంది. ప్రతి గ్రాహకం, తన మీద పడిన కాంతిని బట్టి 0 నుంచి 1,023 లోపు ఒక అంకె పంపుతుంది. మనం చిత్రం అనుకునేది నిజానికి ఆ అంకెల పట్టిక.

ఆ అంకెను నమ్మడం ఎలా? మండీలో కాయలు తూచే కాటానే తీసుకోండి. ఖాళీగా ఉన్నప్పుడు అది సున్నా చూపాలి. యాభై కిలోల రాయి పెడితే యాభై చూపాలి. ఈ రెండింటిలో ఏది తప్పినా రైతుకు నష్టమే. గ్రాహకంలోనూ సరిగ్గా ఈ రెండు తప్పులే వస్తాయి. వేడికి కదిలే ఎలక్ట్రాన్ల వల్ల చిమ్మచీకట్లో కూడా అది ఎంతో కొంత అంకె చూపిస్తుంది. దీన్ని తెలుసుకోవడానికి వెన్నెల లేని రాత్రి సముద్రం మీదుగా వెళ్తున్నప్పుడు అంకెలు తీసుకుని, పగటి చిత్రాల్లోంచి అంత మేర తీసేస్తారు. రెండో తప్పు, అంటే ఇంత కాంతికి ఇంత అంకె అనే లెక్క తేడా పడటం, అంత తేలిగ్గా దొరకదు.

పైగా 6,000 గ్రాహకాలూ ఒకేలా పనిచేయవు. ఒకటి పక్కవాటి కంటే కాస్త ఎక్కువ చూపితే, ఉపగ్రహం వెళ్లిన దారి పొడవునా చిత్రంలో ఒక చార పడుతుంది. రాళ్లూ పొదలూ కలగలిసిన శేషాచలం కొండల మీద ఆ చార కంటికి ఆనదు. పులికాట్ నీటి మీదకు రాగానే బయటపడిపోతుంది. 1972లో మొదలైన అమెరికా ఉపగ్రహాల వరస లాండ్‌శాట్‌లో, తొలివాటిలో అద్దం అటూ ఇటూ ఊగుతూ ఒక్కో ఊపుకు ఆరు గీతలు గీసేది. అందువల్ల ఆ పాత చిత్రాల్లో ఆరు గీతలకొకసారి చార కనిపించేది.

దీనికి మందు ప్రయోగానికి ముందే మొదలవుతుంది. మన ఉపగ్రహాల కెమెరాలు తయారయ్యేది అహ్మదాబాద్‌లోని స్పేస్ అప్లికేషన్స్ సెంటర్‌లో. ఇలాంటి కెమెరాలను లోపలంతా తెల్ల పూత వేసిన పెద్ద బోలు గోళం ముందు పెడతారు. గోళంలోని దీపాల వెలుగు గోడల మీద లెక్కలేనన్ని సార్లు పరావర్తనం చెంది, బయటికి వచ్చేసరికి అన్ని వైపులా సమానంగా ఉంటుంది. ఆ వెలుగుకు 6,000 గ్రాహకాలూ ఒకే అంకె చూపాలి. చూపని వాటికి ఒక్కోదానికి విడివిడిగా సవరణ రాసిపెడతారు.

అయితే ప్రయోగం తర్వాత కెమెరా అలాగే ఉండదు. రాకెట్ అదురుకు ఏదో ఒకటి రవ్వంత కదలవచ్చు. శూన్యంలో జిగురు, ప్లాస్టిక్ లాంటి వాటి నుంచి వచ్చే ఆవిర్లు లెన్సు మీద పొరగా పేరుకోవచ్చు. అతినీలలోహిత కిరణాలు, రేడియేషన్ మెల్లగా దెబ్బతీస్తాయి. ఇదంతా ఏ ఒక్క రోజూ కనిపించదు.

దాని ఫలితం ఎలా ఉంటుందో ఒక లెక్క వేసి చూద్దాం. పచ్చటి ఆకు ఎర్ర కాంతిని మింగేసి, కంటికి కనిపించని సమీప పరారుణ కాంతిని బాగా వెనక్కి పంపుతుంది. పరారుణంలోంచి ఎరుపును తీసివేసి, ఆ రెండింటి మొత్తంతో భాగిస్తే వచ్చేదే ఎన్‌డీవీఐ అనే పచ్చదనం సూచిక. ఒక తోట 40 శాతం పరారుణాన్ని, 8 శాతం ఎరుపును వెనక్కి పంపుతుంటే సూచిక 0.67. తోట అలాగే ఉండగా పరారుణ గ్రాహకం పదో వంతు బలహీనపడితే 40 కాస్తా 36గా కనిపిస్తుంది, సూచిక 0.64కి దిగుతుంది. తేడా చిన్నదే. కానీ చిత్తూరు నుంచి తిరుపతి దాకా ప్రతి తోటలోనూ ఇలాంటి తగ్గుదలే వస్తుంది. ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ చూపే మామూలు తప్పయితే వెయ్యి తోటల సగటు తీస్తే పోతుంది. ఇది పోదు, లక్ష తోటల సగటు తీసినా అంతే ఉంటుంది. చూసేవాళ్లకు అచ్చం జిల్లా అంతటా కరువు ముదురుతున్నట్టే అనిపిస్తుంది. కరువు లెక్కల మీద ఆధారపడే మనలాంటి ప్రాంతానికి ఇది చిన్న విషయం కాదు.

అందుకే కెమెరాలోనే చిన్న ఎల్ఈడీ దీపాలు పెట్టి పంపుతారు. వాటిని అప్పుడప్పుడు వెలిగించి గ్రాహకాలను పరీక్షిస్తారు. మరి ఆ దీపాలే మసకబారితే? కొన్ని ఉపగ్రహాల్లో ఎండను చెదరగొట్టే తెల్లటి పలక ఉంటుంది, ఎండ తగిలేకొద్దీ అదీ నల్లబడుతుంది. మన కెమెరాతో పాటు ముసలిదవ్వని దీపం ఒకటి కావాలి. అలాంటిది చంద్రుడు. అక్కడ గాలి లేదు, వాన లేదు, మొక్క లేదు. చంద్రుడి ఉపరితలం కాంతిని వెనక్కి పంపే తీరు ఏడాదికి పది కోట్లలో ఒక వంతు కూడా మారదని అంచనా. కళలను బట్టి వెలుగు మారుతుంది కానీ, ఆ మార్పును ముందే లెక్కగట్టవచ్చు. అందుకోసం అమెరికాలోని ఆరిజోనాలో ఏళ్ల తరబడి టెలిస్కోపులతో చంద్రుణ్ని కొలిచి ఒక నమూనా తయారుచేశారు. 1997లో వెళ్లిన సీవిఫ్స్ అనే సముద్ర కెమెరా కోసమైతే నెలకోసారి ఉపగ్రహం మొత్తాన్ని చంద్రుడి వైపు తిప్పేవాళ్లు. ఆ కెమెరా గ్రాహకాలు ఏ రంగులో ఎంత బలహీనపడ్డాయో ఆ చూపుల వల్లే తెలిసింది. చందమామను కొలబద్దగా వాడాలన్న ఈ ఆలోచన నాకు ఎంతో ఇష్టం.

నేల మీదా ఇలాంటి చోట్లున్నాయి. లిబియా ఎడారిలో ఏళ్లు గడిచినా పెద్దగా మారని ఇసుక మైదానాలను ప్రపంచమంతా వాడుతుంది. మనకు కచ్ రణ్‌లోని ఉప్పు నేల ఉంది. ఉపగ్రహం ఉదయం పదిన్నర ప్రాంతంలో పైనుంచి దాటే సమయానికి శాస్త్రవేత్తలు అక్కడ నిలబడి, నేల ఏ రంగు కాంతిని ఎంత వెనక్కి పంపుతోందో పరికరంతో కొలుస్తారు. ఈ పనికి ముదురు రంగు బట్టలు వేసుకుంటారు. తెల్ల చొక్కా మీంచి వచ్చే వెలుగు చాలు, కొలత చెడిపోవడానికి.

ఇక నేలకూ ఉపగ్రహానికీ మధ్య గాలి ఉంది. వాన వెలిసిన రోజు తిరుపతి నుంచి చూస్తే కొండ దగ్గరికి వచ్చినట్టుంటుంది, పొగమంచూ దుమ్మూ ఉన్న రోజు అదే కొండ నీలంగా దూరమైపోతుంది. ఉపగ్రహం పైనుంచి చూసేదీ ఈ గాలిలోంచే. గాలి అణువులు నీలి కాంతిని సమీప పరారుణం కంటే సుమారు 13 రెట్లు ఎక్కువగా చెదరగొడతాయి. ఆ లెక్క కచ్చితంగా వేయవచ్చు. దుమ్ము, పొగ సంగతి అలా కాదు, ఏ రోజుకారోజు కొలవాల్సిందే. పాకాల దగ్గర గాదంకిలోని జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల విలువ ఇక్కడ తెలుస్తుంది. దాని రాడార్ గురించి చాలామంది విన్నారు. అక్కడి లైడార్ రాత్రిపూట ఆకుపచ్చ లేజర్ కిరణాన్ని పైకి పంపి, తిరిగి వచ్చే వెలుగును బట్టి ఏ ఎత్తులో ఎంత ధూళి ఉందో చెబుతుంది. ఆ పొరలు ఎలా ఉంటాయో తెలిస్తేనే చిత్రంలో గాలి వాటా ఎంత, నేల వాటా ఎంత అని విడదీయగలం.

సముద్రం మీద ఈ పని మరీ కష్టం. అక్కడ ఉపగ్రహానికి చేరే కాంతిలో దాదాపు 90 శాతం గాలిదే, నీటిలోంచి వచ్చేది పదో వంతు. మొత్తంలో అర శాతం తప్పినా నీటి లెక్కలో 5 శాతం తప్పు వస్తుంది. చేపలు ఎక్కడ దొరుకుతాయో చెప్పే సమాచారానికి ఆ పదో వంతు కూడా ఒక మూలం. అందుకని లక్షద్వీప్‌లోని కవరత్తి దగ్గర నీటిలో తేలే పరికరంతో కొలిచి, సముద్రాన్ని చూసే మన ఓషన్‌శాట్ ఉపగ్రహం కెమెరా అంకెలను దానితో సరిపోల్చారు.

ఒక్కోసారి ఉపగ్రహాన్నే ఉపగ్రహంతో సరిచూస్తారు. 2021 నవంబర్‌లో, కొత్తగా వెళ్లిన లాండ్‌శాట్-9ను కొన్ని రోజులపాటు లాండ్‌శాట్-8 కిందుగా నడిపారు. ఒకే నేలను ఇంచుమించు ఒకే సమయంలో రెండూ చూశాయి. 1972 నుంచి సాగుతున్న చిత్రాల వరస తెగకుండా ఉండాలంటే ఈ అతుకు గట్టిగా పడాలి.

మన విద్యార్థులు ఇస్రో పటాల వెబ్‌సైట్ భువన్ నుంచో, లాండ్‌శాట్ భాండాగారం నుంచో చిత్రాలు దించుకుని, మార్పుల పటాలు గీస్తున్నారు. మంచి పని. అయితే సవరించని ముడి అంకెలను నేరుగా పోల్చకూడదు. తిరుపతిలో ఏప్రిల్ చివరి వారంలో మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తిన ఉంటాడు, డిసెంబర్ చివర్లో 53 డిగ్రీల ఎత్తుకే వస్తాడు. ఆ ఒక్క కారణానికే ఒకే తోట వేరుగా కనిపిస్తుంది. చిత్రంతో పాటు వచ్చే మెటాడేటా ఫైలులో ఆ రోజు సూర్యుడి ఎత్తు ఎంతో ఉంటుంది. అంకెను కాంతిగా మార్చే గుణకాలు కూడా అక్కడే దొరుకుతాయి. పటం గీయడం మొదలుపెట్టే ముందు ఆ ఫైలు తెరవండి.