ఎర్రర్ మెసేజ్ చివరిదాకా చదవండి

పిల్లలూ,

పోయిన వారం మీరిద్దరూ నా వెనకాల నిలబడి, "పెద్దమ్మా, ఏమీ టైప్ చేయకుండా స్క్రీన్ చూస్తూ కూర్చున్నావేంటి?" అని అడిగారు. అప్పుడు పని మధ్యలో ఉండి సరిగ్గా చెప్పలేకపోయాను. ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నాను.

ప్రోగ్రామర్ పనిలో టైప్ చేసేది తక్కువ, చదివేదే ఎక్కువ. ఇతరులు రాసిన కోడ్ చదవాలి, ఆరు నెలల కిందట నేను రాసిందీ చదవాలి. నేను రాసిందే అయినా ఎందుకలా రాశానో గుర్తుండదు. అందుకే కోడ్ పక్కన చదివేవాళ్ల కోసం కామెంట్ (వివరణ) పెట్టేటప్పుడు "ఎందుకు" అన్నదే రాస్తాను. ఏం చేస్తుందో కోడే చెబుతుంది కదా.

మీరు చూసినప్పుడు నేను ఒక ఎర్రర్ మెసేజ్ చదువుతున్నాను. ఎర్ర అక్షరాలు కనబడగానే చాలామంది టెన్షన్ పడి, చేతికందింది మార్చేస్తారు. ఏ ఫైలు, ఎన్నో లైను, ఏమిటి తప్పు అన్నది చాలాసార్లు ఆ మెసేజ్‌లోనే ఉంటుంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక తప్పు కోసం రెండు రోజులు వెతికాను. ఎన్ని దిద్దినా ఫలితం మారలేదు. మూడో రోజు మెసేజ్ మొదటి అక్షరం నుంచి చదివితే, ఫైలు పేరు అదే గానీ ఫోల్డర్ వేరు! నేను ఒక కాపీ దిద్దుతున్నాను, కంప్యూటర్ ఇంకో కాపీ నడుపుతోంది. అప్పటినుంచీ నా మార్పు కనబడకపోతే, ఆ ఫైల్లో కావాలనే ఒక తప్పు రాసి నడుపుతాను. అయినా ప్రోగ్రాం ఆగలేదంటే నేను వేరే ఫైల్లో ఉన్నానన్నమాట.

ఇలాంటిదే ఇంకొకటి. పైథాన్ అనేది ప్రోగ్రాములు రాసే ఒక భాష. పైథాన్‌లో 0.1 + 0.2 అని కొడితే 0.3 రాదు, 0.30000000000000004 వస్తుంది. కంప్యూటర్ పాడవలేదు. అది ఇలాంటి సంఖ్యలను సగం, పావు, పావులో సగం అంటూ ముక్కలుగా కూడి దాచుకుంటుంది. పదో వంతు ఆ ముక్కలతో ఎంత కూడినా సరిగ్గా కుదరదు. 1ని 3తో భాగిస్తే 0.333 అంటూ తెగకుండా పోతుందే, అలాగ. అందుకే డబ్బు లెక్కలు ఈ రకం దశాంశాల్లో పెట్టను, అన్నిటికంటే చిన్న నాణెం లెక్కలోకి మార్చి పూర్ణాంకాల్లో పెడతాను.

సంఖ్యను ఎలా దాస్తున్నామన్నది చిన్న విషయం కాదు. 1996లో ఏరియన్ 5 రాకెట్ మొదటి ప్రయోగంలో, 64 బిట్ల (బిట్ అంటే 0 గానీ 1 గానీ పట్టే ఒక గడి) సంఖ్య ఒకటి 16 బిట్ల చోట పట్టలేదు. రాకెట్ నిమిషమైనా గడవకముందే పేలిపోయింది. ఆ కోడ్ ఏరియన్ 4లో బాగా నడిచిందే. కొత్త రాకెట్ వేగానికి అది సరిపోతుందా అని నడిపి చూడలేదు. ఈ సంగతి తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

పనిముట్లలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది గిట్, కోడ్‌లో చేసిన మార్పుల చరిత్రను దాచిపెట్టే ప్రోగ్రాం. లైనక్స్ అనే ఆపరేటింగ్ సిస్టం కోడ్ కోసం 2005లో లైనస్ టోర్వాల్డ్స్ రాసింది. చిన్న మార్పు, ఒక కమిట్ (ఆ మార్పును గిట్‌లో నమోదు చేయడం), ఎందుకు మార్చానో ఒక్క వాక్యం. తప్పు దొర్లితే నిన్నటి చోటికి వెనక్కి వెళ్లొచ్చు కాబట్టి ధైర్యంగా ప్రయోగాలు చేస్తాను. కోడ్ టైప్ చేసే ఎడిటర్లలో ఏది మంచిదన్న వాదనల్లోకి మాత్రం వెళ్లను. 1991లో వచ్చిన విమ్‌తో ఇప్పటికీ హాయిగా పనిచేసుకునేవాళ్లున్నారు. చేయి అలవాటు పడిందే మంచిది.

ఏఐ రాసిచ్చే కోడ్ వాడతావా అని అడిగారు. వాడతాను. కానీ అందులో ఒక్క లైను అర్థం కాకపోయినా నా ప్రోగ్రాంలోకి రానివ్వను. రేపు అది ఆగిపోతే మెసేజ్ ముందు కూర్చోవాల్సింది నేనే.

ఈ ఆదివారం పైథాన్‌లో 0.5 + 0.25 కొట్టి చూడండి. ఏ తోకా లేకుండా 0.75 వస్తుంది. 0.1 + 0.2 కుదరనిది ఇదెలా కుదిరిందో మీ ఇద్దరూ ఆలోచించి, తోచింది నాకు రాసి పంపండి.

ప్రేమతో,
మీ పెద్దమ్మ