చప్పుడు సరే, తలలెన్ని?

సముద్రంలో తిమింగలాల్నో డాల్ఫిన్లనో కళ్లతో లెక్కపెట్టాలంటే, అవి ఊపిరి కోసం పైకి తేలినప్పుడే వీలు. అదీ పగటిపూట, అలలు తక్కువగా ఉంటేనే. చెవికి ఆ ఇబ్బంది లేదు. ఉప్పునీటిలో ధ్వని సెకనుకు సుమారు 1,500 మీటర్లు పోతుంది, గాలిలో కంటే నాలుగు రెట్లకు పైనే. నీటిలో వినే మైకును, అంటే హైడ్రోఫోన్‌ను దించి వదిలేస్తే రాత్రీ పగలూ వింటూనే ఉంటుంది.

చిక్కల్లా ఒకటే. మైకుకు ఆ జంతువులు చేసే 'టిక్' చప్పుళ్లు, టిక్కులనుకుందాం, వెయ్యి వినపడ్డాయి. వెయ్యి జంతువులున్నట్టా? ఒకే వాగుడుకాయ ఉన్నట్టా?

ఉత్తుత్తి లెక్క ఒకటి వేద్దాం. గంటలో 1,000 టిక్కులు నమోదయ్యాయి. అందులో 100 రొయ్యల చిటపటలో, పడవల మోతో అని తీసేస్తే మిగిలేవి 900. మైకు చుట్టూ గీసుకున్న వలయంలో పుట్టే టిక్కుల్లో సగమే దానికి వినపడతాయనుకుంటే, అసలు పుట్టినవి 1,800. ఒక్కో జంతువు, నోరు మూసుకునే సమయం కూడా కలుపుకుని, గంటకు సగటున 600 చేస్తే అక్కడున్నవి మూడు. ఇంతవరకూ చిన్నపిల్లల లెక్కే. ఆ 'సగం', ఆ '600' ఎక్కణ్నుంచి తేవాలి? కష్టమంతా అక్కడే. హంప్‌బ్యాక్ తిమింగలాల్లోనైతే పాట పాడేవి మగవే. పాటల్ని నమ్ముకుంటే ఆడవీ పిల్లలూ లెక్కలోకే రావు.

పార్పస్ ఆ విషయంలో నయం. డాల్ఫిన్‌కు చుట్టమైన ఈ జంతువు దారికీ చేపకీ ధ్వని మీదే ఆధారపడుతుంది కాబట్టి దాదాపు ఎడతెగకుండా టిక్కుమంటుంది. ఆ టిక్కు 130 కిలోహెర్ట్జ్ దగ్గర ఉంటుంది, మన చెవి 20 దగ్గరే ఆగిపోతుంది. అంత కీచు ధ్వని నీటిలో కొన్ని వందల మీటర్లకే ఆరిపోతుంది. అందుకే ఉత్తర ఐరోపాలోని బాల్టిక్ సముద్రంలో వీటిని లెక్కపెట్టడానికి 2011-13లో 'సాంబా' ప్రాజెక్టు వాళ్లు దాదాపు 300 చోట్ల పరికరాలు దించాల్సొచ్చింది. అవి ఎంత దూరం వినగలవో తేల్చడానికి కృత్రిమ టిక్కులు వినిపించి మరీ పరీక్షించారు.

చివరికి బాల్టిక్ నడిసముద్రంలోని పార్పస్‌లు 491 అని తేలింది. పక్కనే ఇంకో మాట: 71 నుంచి 1,105 దాకా ఎన్నైనా ఉండొచ్చు! ఇంత పెద్ద ఎడం చూస్తే నవ్వొస్తుంది గానీ, దాన్ని దాచకుండా రాయడమే నాకు నచ్చింది. 'ఎన్ని' తేలకపోయినా 'ఎక్కడ' అన్నది తేటగా తేలింది. పిల్లల్ని కనే వేసవిలో ఇవి గోట్లాండ్ దీవికి దక్షిణాన, నీటి అడుగున ఉన్న మిట్టల దగ్గర చేరుతున్నాయి. 2016లో స్వీడన్ ఆ మిట్టల్ని రక్షిత ప్రాంతం చేసింది.