‘నాకేం ఎక్కలేదు’: తాగి బండి నడపడంపై చట్టం నడిచిన దారి

2025 అక్టోబర్ 24 తెల్లవారుజామున హైదరాబాద్ నుంచి బెంగళూరు వస్తున్న ప్రైవేటు బస్సు కర్నూలు దగ్గర చిన్నటేకూరు వద్ద కాలిపోయింది. 19 మంది ప్రయాణికులు చనిపోయారు. దీపావళికి ఊరెళ్లినవాళ్లు బెంగళూరుకు తిరిగొచ్చే రోజులవి. అంతకు కొద్దిసేపటి ముందే ఒక బైకు డివైడర్‌ను గుద్దుకుంది, నడుపుతున్న యువకుడు చనిపోయాడు. రోడ్డు మీద పడి ఉన్న ఆ బైకును బస్సు ఈడ్చుకుపోవడంతో మంటలు లేచాయి. బైకు నడిపిన వ్యక్తి మద్యం తాగి ఉన్నాడని ఫోరెన్సిక్ పరీక్షలో తేలింది.

బస్సులో లోపాల మీద చాలా చర్చ జరిగింది, జరగాల్సిందే. కానీ బెంగళూరులో మారతహళ్లి, బెళ్లందూరు, కేఆర్ పురం లాంటి చోట్ల ఉండే తెలుగువాళ్లకు ఆ బస్సు కొత్తది కాదు. శుక్రవారం రాత్రి ఎక్కి ఊరెళ్లేది, ఆదివారం రాత్రి ఎక్కి వచ్చేది అలాంటి బస్సుల్లోనే. చనిపోయిన ప్రయాణికులకు ఆ బైకు ఎవరిదో తెలియదు. తాగి నడిపితే పోయేది తన ప్రాణమే కదా అనేవాళ్లకు జవాబు ఆ రాత్రే దొరికింది.

మన దేశంలో ఈ నేరం కొత్తగా పుట్టింది కాదు. 1939 మోటారు వాహనాల చట్టంలోనే 117వ సెక్షన్ ఉంది. బండిని అదుపులో పెట్టుకోలేనంతగా మత్తులో ఉంటే శిక్ష అని అది చెప్పింది. చదవడానికి బాగానే ఉంటుంది. కానీ అదుపు తప్పేంత మత్తని నిరూపించేదెవరు? పోలీసు చూసింది, డాక్టరు రాసింది తప్ప వేరే సాక్ష్యం లేదు. 1971లో బచ్చూభాయ్ హసనల్లి కర్యానీ కేసులో ఈ ఇబ్బంది సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. నిందితుడి దగ్గర మద్యం వాసన వచ్చింది, నడక తూలింది, మాట తడబడింది, కనుపాపలు పెద్దవయ్యాయి. రక్తం, మూత్రం పరీక్షించలేదు కాబట్టి ఇవి మాత్రమే చాలవని కోర్టు అంది. తాగినవాడు తూలుతూనే ఉండాలని లేదు, తూలేవాడు తాగే ఉండాలనీ లేదు.

ఆ చిక్కుముడికి పరిష్కారం అప్పటికే ఇతర దేశాల్లో ఉంది. నార్వే 1936లోనే రక్తంలో మద్యానికి అంకెల్లో పరిమితి పెట్టింది. అమెరికాలోని ఇండియానాలో రాబర్ట్ బోర్కెన్‌స్టైన్ 1954లో ఊపిరిని పరీక్షించే బ్రీతలైజర్ తయారుచేశాడు. ఊదిన గాలిలో మద్యం ఉంటే లోపలున్న డైక్రోమేట్ ద్రావణం రంగు మారుతుంది, ఆ మార్పును బట్టి మోతాదు లెక్క కడతారు. బ్రిటన్ 1967లో 100 మిల్లీలీటర్ల రక్తానికి 80 మిల్లీగ్రాముల పరిమితిని చట్టంలో రాసుకుంది.

మన 1988 మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ మొదట ఇంకా గట్టిగా ఉండేది. రక్తంలో మద్యం ఎంత కొంచెమున్నా నేరమే అంది. 1994 సవరణతో 100 మిల్లీలీటర్ల రక్తానికి 30 మిల్లీగ్రాముల గీత వచ్చింది, చట్టంలోకి బ్రీత్ అనలైజర్ పేరు కూడా వచ్చింది. అప్పటి నుంచి బండి నడిపినవాడు ఎలా కనిపిస్తున్నాడన్నది కాక, రక్తంలో ఎంత ఉందన్నదే ప్రశ్న. నా ఉద్దేశంలో ఈ చరిత్ర మొత్తంలో అసలైన మలుపు ఇదే.

ఇప్పుడు బెంగళూరు రోడ్ల మీద పోలీసులు పట్టుకునే మిషన్‌లో ఎక్కువగా ఫ్యూయల్ సెల్, అంటే మద్యం తగిలితే కరెంటు పుట్టించే సెన్సర్ ఉంటుంది. ప్లాస్టిక్ గొట్టం తగిలించి ఊదమంటారు. బీప్ ఆగేదాకా కొన్ని సెకన్లు ఆపకుండా ఊదాలి, ఎందుకంటే మిషన్‌కు కావాల్సింది నోటి గాలి కాదు, ఊపిరితిత్తుల లోతుల్లోని గాలి. అలాంటి 2,100 మిల్లీలీటర్ల గాలిలో ఉండే మద్యం ఒక మిల్లీలీటరు రక్తంలో ఉండేదానికి సమానమన్న లెక్క మీద తెర మీద అంకె పడుతుంది. 30 దాటితే బండి స్టేషన్‌కు, కేసు కోర్టుకు. అరెస్టు చేస్తే రెండు గంటల్లోపు వైద్య పరీక్ష చేయించాలి, లేకపోతే వదిలేయాలి. చట్టం ఆ రక్షణ కూడా ఇచ్చింది.

“రెండు పెగ్గులే అన్నా, నాకేం ఎక్కలేదు.” చెకింగ్ దగ్గర ఎక్కువగా వినబడే మాట ఇదే. అబద్ధమని నేననను, చాలామంది నిజంగా అలాగే నమ్ముతారు. ప్రమాదమంతా ఆ నమ్మకంలోనే ఉంది. మద్యం కాళ్ల దాకా రాకముందే మెదడులో అంచనా వేసే శక్తిని తగ్గిస్తుంది. ఎదురుగా వస్తున్న లారీ ఎంత దూరంలో ఉందో, బ్రేకు ఎప్పుడు వేయాలో తేల్చేది మెదడే. ‘నేను బాగానే ఉన్నానా’ అన్నదీ దానితోనే తేల్చుకోవాలి. స్టడీగా ఉన్నానని తనకు తాను ఇచ్చుకునే సర్టిఫికెట్ అందుకే పనికిరాదు. రూముల్లో సిట్టింగ్ అయ్యాక తక్కువ తాగినవాడి చేతికి తాళం ఇవ్వడం మనవాళ్లలో మామూలైపోయింది. తక్కువ తాగడమంటే తాగకపోవడం కాదు.

ఇంకో సంగతి చాలామందికి పట్టదు. తాగిన మద్యం రక్తంలో పూర్తి స్థాయికి చేరడానికి అరగంట నుంచి గంటన్నర పడుతుంది. చివరి గ్లాసు గబగబా ముగించి బండెక్కినవాడికి సిల్క్ బోర్డు జంక్షన్ చేరేసరికి మత్తు పెరుగుతుందే గానీ తగ్గదు. దిగడం మాత్రం నెమ్మది. కాలేయం గంటకు సుమారు 15 మిల్లీగ్రాముల చొప్పున తగ్గిస్తుంది. మజ్జిగ, నిమ్మరసం, కాఫీ, చన్నీటి స్నానం ఏవీ దాన్ని తొందరపెట్టలేవు. అర్ధరాత్రి 150 దగ్గర ఉన్నవాడు ఏడు గంటలు నిద్రపోయి లేచినా ఇంకా 45 దగ్గరే ఉంటాడు. మొహం కడుక్కుని, టిఫిన్ చేసి ఆఫీసుకు బైకు తీసినవాడు చట్టం ప్రకారం ఇంకా తాగి నడుపుతున్నట్టే.

చట్టం డ్రైవర్‌ను వదిలి దుకాణం వైపు చూసిన సందర్భం కూడా ఉంది. జాతీయ రహదారుల పక్కన మద్యం లైసెన్సులు ఇవ్వొద్దని జాతీయ రోడ్డు భద్రతా మండలి 2004లోనే ఏకగ్రీవంగా అంది. రాష్ట్రాలు పెద్దగా పట్టించుకోలేదు. తమిళనాడు ప్రభుత్వానికీ కె.బాలుకూ మధ్య నడిచిన కేసులో సుప్రీంకోర్టు 2016 డిసెంబర్ 15న తీర్పిచ్చింది. జాతీయ, రాష్ట్ర రహదారులకు 500 మీటర్ల లోపల మద్యం దుకాణాలు ఉండకూడదంది. చిన్న ఊళ్లకు ఆ దూరాన్ని తర్వాత 220 మీటర్లకు తగ్గించింది.

ఈ తీర్పు బెంగళూరు నడిబొడ్డును తాకింది. నగరం మధ్య నుంచి హైవేలు వెళ్తాయి కాబట్టి 2017 జులై 1 నుంచి ఎంజీ రోడ్డు, బ్రిగేడ్ రోడ్డు, ఇందిరానగర్ ప్రాంతాల్లో చాలా బార్లు, పబ్బులు మూతపడ్డాయి. ఆ రోడ్లను హైవేల జాబితా నుంచి తీయించే ప్రయత్నాలు వెంటనే మొదలయ్యాయి. ఈలోగా చండీగఢ్ కేసులో, మున్సిపల్ హద్దుల్లోని లైసెన్సులకు ఆ నిషేధం అడ్డు కాదని కోర్టు స్పష్టం చేసింది. కొన్ని వారాల్లో షట్టర్లు మళ్లీ లేచాయి. కర్ణాటకకు ఎక్సైజ్ మీద ఏటా వచ్చే ఆదాయం 30 వేల కోట్ల రూపాయలు దాటింది. దుకాణాన్ని దూరం జరపడానికి ఏ ప్రభుత్వానికైనా చెయ్యి ఎందుకు రాదో అక్కడే అర్థమవుతుంది.

ఇక మిగిలింది జరిమానా. 1988 చట్టంలో మొదటిసారికి 2 వేల రూపాయల దాకా ఉండేది. 2019 సెప్టెంబర్ 1 నుంచి అది 10 వేలు, ఆరు నెలల దాకా జైలు కూడా పడొచ్చు. రెండోసారికి 15 వేలు, రెండేళ్లు. జనం గగ్గోలు పెడితే కర్ణాటక వేరే కొన్ని జరిమానాలను తగ్గించింది గానీ దీని జోలికి పోలేదు. అది మంచి పని.

అయినా సమస్య ఎంత పెద్దదో ప్రభుత్వ లెక్కల్లో సరిగ్గా కనబడదు. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోతే, తాగి నడపడం కిందికి వచ్చింది మూడు శాతం లోపే. ఎక్కువ భాగం అతివేగం ఖాతాలో పడుతుంది. ఆ వేగం వెనక మద్యం ఉందో లేదో ప్రతిసారీ పరీక్షించరు. మద్యం అని కాగితం మీద పడితే ఇన్సూరెన్స్‌కు ఇబ్బందని ఇంటివాళ్ల భయం ఒకటి. బెంగళూరు ఆస్పత్రులకు వచ్చిన క్షతగాత్రుల మీద నిమ్‌హాన్స్ పరిశోధకులు చేసిన అధ్యయనాల్లో మద్యం వాటా దీనికంటే చాలా ఎక్కువ కనబడింది.

అదుపు తప్పాడా అని, ఎంత తాగాడని, ఎక్కడ తాగాడని ఇన్నేళ్లుగా చట్టం అడుగుతూనే ఉంది. తాగినవాడు ఇంటికి ఎలా వెళ్తాడని మాత్రం ఎవరూ గట్టిగా అడగలేదు. 2024లో బెంగళూరు బార్లకు రాత్రి ఒంటిగంట దాకా అనుమతి వచ్చింది. మెట్రో చివరి రైళ్లు మామూలు రోజుల్లో 11 ప్రాంతంలోనే బయల్దేరిపోతాయి. ఆ రెండు గంటల తేడాలో బస్సులు అరకొర, ఆటో మీటరు వేయడు, యాప్‌లో క్యాబ్ రేటు రెండింతలు చూపిస్తుంది, పార్కింగ్‌లో సొంత బండి ఉంటుంది. డిసెంబర్ 31 రాత్రి మెట్రో వేళలు పొడిగిస్తున్నారు, ఐపీఎల్ మ్యాచ్ ఉన్న రోజుల్లోనూ పొడిగిస్తున్నారు. శుక్ర, శనివారాల్లోనూ బార్లు మూసేదాకా రైళ్లు నడపాలి. బార్ల వేళలు పెంచే ఉత్తర్వులోనే ఆ మాట కూడా రాసి ఉండాల్సింది.