వేడి ఆరకుండా మోసుకెళ్లవలసిన పెట్టె

తిరుపతి

చిరంజీవులైన మనవలకు, మనవరాళ్లకు తాత ఆశీస్సులు.

వచ్చే నెల మీరు హార్సిలీ హిల్స్‌కు, మా చిన్నతనంలో పెద్దలు ఏనుగు మల్లమ్మ కొండ అని పిలిచిన చోటికి, రేడియో పరికరాలు తీసుకువెళ్లి సంకేతాల పౌనఃపున్యాన్ని కొలవబోతున్నారనీ, అందుకోసం కొలతకు ఆధారంగా నిలిచే కచ్చితమైన సంకేతాన్ని ఇచ్చే నా రుబిడియం పెట్టెను అడుగుతున్నారనీ మీ అమ్మ చెప్పింది. సంతోషంగా ఇస్తాను. అయితే దానికి కరెంటు ఎలా అందించాలో ముందుగా రాయకపోతే నా మనసు కుదుటపడదు, ఎందుకంటే బయట కొలతలు చెడిపోయిన సందర్భాలు నాకు గుర్తున్నంతవరకు దాదాపు అన్నీ బ్యాటరీ దగ్గరే మొదలయ్యాయి.

ఆ పెట్టెలో ఒక చిన్న గాజు గదిలో రుబిడియం ఆవిరి ఉంటుంది. ఆ పరమాణువు సెకనుకు 683 కోట్లకు పైగా ఆవృత్తులుండే ఒకే ఒక పౌనఃపున్యానికి స్పందిస్తుంది కాబట్టి, దాన్ని ఆధారంగా పట్టుకుని లోపలి స్ఫటికం కంపనాన్ని ఎప్పటికప్పుడు సరిదిద్దుతూ, పెట్టె బయటకు 10 మెగాహెర్ట్జ్‌ల సంకేతాన్ని ఇస్తుంది. ఆ సంకేతాన్ని వెయ్యి రెట్లు చేసి 10 గిగాహెర్ట్జ్ పుట్టించినప్పుడు, మూలంలో హెర్ట్జ్‌లో నూరో వంతు తప్పు ఉన్నా అక్కడ అది 10 హెర్ట్జ్‌ల తప్పు అవుతుంది. మన జిల్లాలోని శ్రీహరికోట నుంచి 2023 మే 29న ఎగిరిన ఎన్‌వీఎస్-01 అనే దారి చూపే ఉపగ్రహంలో కూడా, మన దేశంలోనే తయారైన రుబిడియం గడియారం ఉంది. దానికి సౌర పలకలు, బ్యాటరీలు కలిసి ఎడతెగకుండా విద్యుత్తు ఇస్తాయి. కొండ మీద మీకు మాత్రం మోసుకెళ్లిన బ్యాటరీయే దిక్కు.

మొదట మీరు గ్రహించవలసినది, ఈ పెట్టె తినే విద్యుత్తులో పెద్ద భాగం వేడికే పోతుందని. ఆవిరి గదిలోకి వెలుగు పంపే లోపలి రుబిడియం దీపాన్ని నూరు డిగ్రీలకు పైన ఉంచాలి, ఆవిరి గదిని కూడా వెచ్చగా ఒకే ఉష్ణోగ్రతలో నిలపాలి. అందుకే స్విచ్ వేసిన తొలి నిమిషాల్లో 15 వోల్టుల దగ్గర దాదాపు 1.8 ఆంపియర్లు, అంటే 27 వాట్లు లాగుతుంది. వేడెక్కి, స్ఫటికం పరమాణువుతో కుదురుకుందని చూపే లాక్ దీపం వెలిగాక అది 11 వాట్ల దగ్గరకు దిగుతుంది. తిరుపతి మే నెల ఎండలో ఇంకాస్త తగ్గుతుంది, కొండ మీద తెల్లవారుజామున చలిగాలికి పెరుగుతుంది. లాక్ దీపం వెలిగినంత మాత్రాన పని పూర్తయిందనుకోకండి, చివరి అంకెలు నిలకడగా నిలవడానికి గంటలు పడుతుంది.

ఇప్పుడు బ్యాటరీ లెక్క చూడండి. మీ దగ్గరున్న 12 వోల్టుల 7 ఆంపియర్ గంటల సీసపు బ్యాటరీ మీద 84 వాట్ గంటలు ఉన్నట్టే లెక్క తేలుతుంది, కానీ ఆ 7 అనే అంకె 20 గంటల పాటు నెమ్మదిగా వాడినప్పటిది. నిండుగా ఉన్నప్పుడు 12.7 వోల్టులు, చివర్లో 11 వోల్టులు ఇచ్చే బ్యాటరీ నుంచి 15 వోల్టులు రావాలంటే, ముందు ఒక కన్వర్టర్‌తో 18కి పెంచి, తరువాత సాదా రెగ్యులేటర్‌తో 15కి దించాలి. ఆ రెండు దశల నష్టాలనూ కలుపుకుంటే బ్యాటరీ మీద దాదాపు 1.3 ఆంపియర్ల భారం పడుతుంది, అప్పుడు అది నాలుగు గంటలకు మించి నిలవదు.

పెంచి మళ్లీ దించడం వృథా అని మీలో ఒకరు తప్పక అడుగుతారు. కన్వర్టర్ సెకనుకు లక్షకు పైగా సార్లు స్విచ్ అవుతూ ఉంటుంది. ఆ అలజడి తీగ వెంట వచ్చి 10 మెగాహెర్ట్జ్ సంకేతానికి ఇరుపక్కలా నీడల్లా కూర్చుంటుంది, పౌనఃపున్యాన్ని గుణించినకొద్దీ ఆ నీడలూ బలపడతాయి. రెగ్యులేటర్ ఆ అలజడిని కొంత అణచివేస్తుంది, దాని ముందు ఒక కాయిలు, రెండు కెపాసిటర్లు పెట్టి, కన్వర్టర్‌ను వేరే లోహపు డబ్బాలో ఉంచితే మిగిలినదీ చాలావరకు తగ్గుతుంది. ఈ వృథాను నేను మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాను.

ఒకసారి నేను పెట్టెను ఇంట్లోనే ఆరు గంటలు వేడెక్కించి, కారు సిగరెట్ సాకెట్‌కు తగిలించుకుని బయలుదేరాను. భాకరాపేట ఘాట్ దాటి పీలేరులో టిఫినుకు ఆగి, తిరిగి కారు తాళం తిప్పగానే పెట్టె ఆరిపోయింది. ఇంజను తిరగడం మొదలయ్యే ఆ క్షణంలో చాలా కార్లు సాకెట్‌కు కరెంటు ఆపేస్తాయన్న సంగతి నాకు అప్పటికి తెలియదు. ఆరు గంటల నిలకడ పోయింది, ఆ రోజు కొలతలన్నీ పక్కన పెట్టవలసి వచ్చింది.

అందుకని పెట్టెను మీ ఇంట్లో గోడ కరెంటు మీద ముందు రోజు రాత్రే మొదలుపెట్టి, వేడి ఆరకుండా కొండ దాకా తీసుకువెళ్లండి. రెండు బ్యాటరీలను ఒక్కొక్క షాట్కీ డయోడ్ (కరెంటును ఒకే దిశలో పోనిచ్చే భాగం) ద్వారా ఒకే తీగకు కలపండి. ఎక్కువ వోల్టేజీ ఉన్నది భారం మోస్తుంది, దాన్ని తీసి వేరేది పెట్టినా రెండవది పెట్టెను నిలబెడుతుంది. డయోడ్‌లో 0.3 నుంచి 0.4 వోల్టు పోతుంది కాబట్టి, కన్వర్టర్ 10.5 వోల్టుల వద్ద కూడా పనిచేస్తుందో లేదో ఇంట్లోనే పరీక్షించండి. తీగలు పొట్టిగా, మందంగా ఉండాలి, ప్రతి బ్యాటరీ ప్లస్ కొనకు ఆనుకునే ఫ్యూజు ఉండాలి.

ఆదివారం ఉదయం మీ రెండు బ్యాటరీలూ నిండా ఛార్జి చేసి తీసుకురండి. డయోడ్లు, ఫ్యూజులు నా బల్ల మీద తీసిపెట్టాను. భోజనం లోపు కలిపేసి, సాయంత్రం వరకు పెట్టెను వాటి మీదే నడిపి, ఎన్ని గంటలు వస్తుందో కలిసి రాసుకుందాం.

మీ తాత