స్నేక్ ప్లాంట్ రాత్రిపూట ఏం చేస్తుంది?

"పడకగదిలో స్నేక్ ప్లాంట్ పెడితే రాత్రంతా ఆక్సిజన్ ఇస్తుందట, నిజమేనా?" పాఠకులు తరచూ అడిగే ఈ ప్రశ్నకు ఒక్క ముక్కలో జవాబు: ఇవ్వదు. చీకట్లో ఏ మొక్కా ఆక్సిజన్ ఇవ్వదు. కలబంద ఇవ్వదు, తులసి ఇవ్వదు, రావిచెట్టూ ఇవ్వదు. నీటి అణువు విడిపోతేనే ఆక్సిజన్ వస్తుంది, దాన్ని విడగొట్టడానికి కాంతి కావాలి. లైటార్పి పడుకున్నాక ఆ పని ఆగిపోతుంది. అలాగని ఈ పుకారు ఊరికే పుట్టలేదు. దాని వెనకున్న అసలు సంగతి పుకారు కంటే బాగుంటుంది. పైగా దానికి సామర్లకోటతో చుట్టరికం ఉంది.

వృక్షశాస్త్రజ్ఞుడు విలియం రాక్స్‌బర్గ్ 1793లో సామర్లకోట తోటను వదిలి కలకత్తా వెళ్లాక, ఈస్టిండియా కంపెనీ సామర్లకోటలో పెట్టిన వృక్షశాస్త్రజ్ఞుడు బెంజమిన్ హైన్. ఆయన 1813లో రాసిన ఒక ఉత్తరం 1815లో లండన్‌ లిన్నియన్ సొసైటీ పత్రికలో అచ్చయింది. విషయం రణపాల ఆకు. తెల్లవారుజామున నమిలితే పుల్లగా ఉంది, పొద్దెక్కేకొద్దీ పులుపు తగ్గి మధ్యాహ్నానికి చప్పబడింది, సాయంత్రానికి కాస్త చేదెక్కింది. ఒకే ఆకును వేళ మార్చి రుచి చూడాలని తోచడమే గొప్ప. ఆ పులుపు ఎక్కడిదో తేలడానికి మాత్రం మరో నూరేళ్లకు పైగా పట్టింది.

మామూలు మొక్క పగలు ఆకుమీది పత్రరంధ్రాలు తెరిచి కార్బన్ డయాక్సైడ్ తీసుకుంటుంది. ఆ రంధ్రాల్లోంచే నీరూ ఆవిరైపోతుంది. ఎడారి మొక్కకు ఆ ఖర్చు భరించే శక్తి లేదు. అందుకని అది పగలు తలుపులు మూసి, చల్లబడ్డాక రాత్రి తెరుస్తుంది. అప్పుడు లోపలికొచ్చిన కార్బన్ డయాక్సైడ్‌ను పెప్ కార్బాక్సిలేజ్ అనే ఎంజైమ్ ఒక మూడు కార్బన్ల అణువుకు అతికిస్తుంది. అది చివరికి మాలిక్ ఆమ్లంగా మారి కణం మధ్యనున్న రిక్తికలో చేరుతుంది. రిక్తికను గాదె అనుకోండి. రాత్రంతా అందులో పోస్తారు, తెల్లారాక తీసి దంచుకుంటారు. గాదె నిండితే ఇక పోయడానికి లేదు. ఎండ రాగానే మాలిక్ ఆమ్లం బయటికొచ్చి విరిగి, మూసిన తలుపుల వెనకే కార్బన్ డయాక్సైడ్‌ను వదులుతుంది. కిరణజన్య సంయోగక్రియ దాన్ని చక్కెరగా మారుస్తుంది. ఆక్సిజన్ పుట్టేది ఈ ఘట్టంలో, అంటే పగలే. హైన్ నాలుకకు తగిలిన పులుపు రాత్రి పోసిన సరుకు, మధ్యాహ్నపు చప్పదనం ఖాళీ అయిన గాదె. ఈ పద్ధతి పేరు క్యామ్. స్నేక్ ప్లాంట్, కలబంద, అనాస, బ్రహ్మజెముడు దీన్నే వాడతాయి.

కనుక స్నేక్ ప్లాంట్ రాత్రి చేసేది కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చడం. "పీలుస్తుంది" అన్నది వాట్సాప్ చేతిలో పడి "ఆక్సిజన్ ఇస్తుంది" అయింది. పాఠాలు చెప్పే తీరులోనూ లోపం ఉంది. మొక్కలు పగలు ఆక్సిజన్, రాత్రి కార్బన్ డయాక్సైడ్ వదులుతాయని చెప్పి వదిలేస్తే, శ్వాసక్రియ ఇరవైనాలుగు గంటలూ నడుస్తుందన్న సంగతి పిల్లలకు తట్టదు.

ఇంట్లో చూడాలంటే రణపాల ఆకు చాలు. తెల్లవారుజామున ఒకటి, సాయంత్రం అయిదింటికి ఒకటి కోసి, విడివిడిగా నూరి, పీహెచ్ కాగితం (పులుపు కొలిచేది, అంకె తగ్గేకొద్దీ పులుపెక్కువ) అద్దండి. ఉదయపు రసం 4 దరిదాపుల్లో, సాయంత్రపుది 5 పైన కనిపిస్తుంది. హైన్‌లా నమలకండి, ఈ జాతి ఆకుల్లో గుండెపై పనిచేసే విషపదార్థాలున్నాయి. మొక్కను ముందురోజు నీడలో ఉంచితే తేడా సరిగా రాదు.

పీల్చడం నిజమే కదా, ఎంత పీలుస్తుంది? ఇద్దరు పడుకునే గది 10 అడుగుల వెడల్పు, 12 పొడవు, 10 ఎత్తు అనుకుందాం. అంటే సుమారు 34,000 లీటర్ల గాలి. విశ్రాంతిగా ఉన్న మనిషి గంటకు 12 లీటర్ల కార్బన్ డయాక్సైడ్ వదులుతాడు, నిద్రలో కాస్త తక్కువ. ఇద్దరివి గంటకు 24, ఎనిమిది గంటలకు 192 లీటర్లు. గాలి చొరబడని గదైతే బయటి 420 పీపీఎం (పది లక్షల పాళ్ల గాలిలో 420 పాళ్లు) కాస్తా 6,000 అవుతుంది. తలుపు కింద, కిటికీ అంచుల్లో సందులుంటాయి కాబట్టి అంత చేరదు గానీ, ఏసీ వేసి బిగించుకున్న గదిలో 2,000 దాటడం తేలికే. స్ప్లిట్ ఏసీ గదిలో గాలినే తిప్పితిప్పి చల్లబరుస్తుంది, బయటి గాలిని తేదు.

పది పొడుగాకుల కుండీకి ఆకుల విస్తీర్ణం 0.2 చదరపు మీటరు వేసుకుందాం. చదరపు మీటరుకు సెకనుకు 2 మైక్రోమోల్ (అణువుల సంఖ్యను కొలిచే ప్రమాణం) చొప్పున ఉదారంగా లెక్కేసినా, గంటకు 35 మిల్లీలీటర్లు. ఇద్దరి 24,000 మిల్లీలీటర్లను పీల్చాలంటే దాదాపు 700 కుండీలు కావాలి. మంచానికి చోటుండదు.

ఆక్సిజన్ సంగతి చూస్తే ఇంకా హాయి. ఇద్దరూ రాత్రంతా 240 లీటర్లు వాడుకున్నా గది గాలిలో దాని వంతు 20.9 శాతం నుంచి 20.2కి దిగుతుంది, అంతే. తక్కువపడేది ఆక్సిజన్ కాదు, పేరుకునేది కార్బన్ డయాక్సైడ్. రాత్రి మొక్కలు కార్బన్ డయాక్సైడ్ వదిలి హాని చేస్తాయన్న రెండో భయాన్నీ ఇదే లెక్క తీసేస్తుంది. మనీ ప్లాంట్, అరెకా పామ్ లాంటివి రాత్రి వదిలే కార్బన్ డయాక్సైడ్ కుండీకి గంటకు 20 మిల్లీలీటర్ల లోపే. పక్కన పడుకున్న మనిషి కంటే కొన్ని వందల రెట్లు తక్కువ. రాత్రి చింతచెట్టు కింద పడుకుంటే దెయ్యం పడుతుందన్న మాటకు ఇప్పుడు కొందరు "ఆక్సిజన్ చాలక" అని సైన్సు తొడుగు తొడుగుతున్నారు. ఆరుబయట గాలి ఆడుతుంటే అది దెయ్యం కంటే బలహీనమైన వాదన.

ఇంటి మొక్కలు గాలిని శుభ్రం చేస్తాయంటూ నాసా పేరు చెప్పేవారికి: 1989 నాటి ఆ ప్రయోగం పెట్టెల్లాంటి మూసిన చిన్న అరల్లో బెంజీన్, ఫార్మాల్డిహైడ్ వంటి ఆవిర్ల మీద చేసింది, రాత్రి ఆక్సిజన్ మీద కాదు. అలాంటి ప్రయోగాలను తిరిగి లెక్కగట్టి 2019లో డ్రెక్సెల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు తేల్చింది, భవనంలో మామూలుగా ఆడే గాలికి సాటి రావాలంటే చదరపు మీటరుకు 10 నుంచి 1,000 మొక్కలు కావాలని.

గాలి కావాలంటే మన గదికి గంటకు సుమారు 41 ఘనపు మీటర్ల బయటి గాలి చాలు, కార్బన్ డయాక్సైడ్ 1,000 పీపీఎం దాటదు. అంటే గది గాలి గంటకు ఒకటింపావు సారి మారాలి. దోమతెర కొట్టిన కిటికీని రెండంగుళాలు తెరిచి, ఎదుటి వైపు ఇంకో దారి ఉంచితే గాలి వాటం బట్టి ఆ పని జరుగుతుంది. పాత ఇళ్లలో తలుపు మీది వెంటిలేటర్లు అందుకే. ఏసీ పెట్టించగానే వాటికి ప్లైవుడ్ కొట్టేస్తున్నారు.

మొక్క మరి ఎందుకు? చూడ్డానికి. 1984లో రోజర్ ఉల్‌రిచ్ ప్రచురించిన పరిశీలనలో, పిత్తాశయ శస్త్రచికిత్స అయినవారిలో కిటికీలోంచి చెట్లు కనిపించినవారు గోడ కనిపించినవారికంటే ముందుగా ఇంటికెళ్లారు. చిన్న అధ్యయనం, 46 మంది. అయినా కుండీ ఎక్కడ పెట్టాలో చెబుతోంది: పడుకుంటే కంటికి ఆనే చోట, తూర్పు కిటికీకి మూడడుగుల లోపు. మందపాటి తెరల వెనక మూల చీకట్లో పెడితే పగలు కాంతి అందదు, గాదెలో రాత్రి పోయడానికీ సరుకుండదు.

ఎనిమిదంగుళాల మట్టికుండీ, అడుగున రంధ్రం. ఎర్రమట్టి రెండు పాళ్లు, ముతక ఇసుక ఒకటి, కంపోస్టు ఒకటి. మట్టి రెండంగుళాల లోతు వరకు ఎండాకే నీళ్లు, ఎండాకాలం రెండు వారాలకోసారి, చలికాలం నెలకోసారి. ఈ మొక్క చచ్చేది ఎక్కువగా నీళ్లెక్కువై. ఆకు మొదలు పసుపెక్కి మెత్తబడి వాసనొస్తే వేరు కుళ్లినట్టే. గట్టిగా ఉన్న పైభాగాన్ని కోసి, రెండు రోజులు నీడలో ఆరనిచ్చి ఇసుకలో గుచ్చితే మళ్లీ వేరు పడుతుంది. పళ్లెంలో నిలిచిన నీరు మాత్రం వారంలోపు పారబోయాలి, దోమ గుడ్డు నుంచి రెక్కలొచ్చేదాకా వారం పదిరోజులే.