బయోపెల్లెట్ల పూర్వాపరాలు: చెన్నై ఉప్పునీటి తొట్టెల్లో నైట్రేటు, నాచు

కొళత్తూరులో అలంకార చేపల దుకాణాలుండే వీధుల్లో ఉప్పునీటి తొట్టెలు అమ్మే కొట్టు ఒకటి చూసుకుని, తొట్టె కింది బీరువా తలుపు తీయించి చూస్తే, సంపు (పై తొట్టె నీరు దిగి, శుద్ధి అయి, తిరిగి పైకెక్కే చిన్న తొట్టె) పక్కన నిలువుగా ఒక అక్రిలిక్ గొట్టం కనిపించడం కద్దు. గిన్నెలో ఉడికే సగ్గుబియ్యంలా అందులో తెల్లని పూసలు పైకి లేస్తూ, కిందికి దిగుతూ ఉంటాయి. వాటినే బయోపెల్లెట్లు అని, ఆ గొట్టాన్ని రియాక్టరు అని అంటారు. “ఇవి వేస్తే నైట్రేటు సున్నా అండీ, ఇక నాచు మాటే ఉండదు” అని చక్కటి తెలుగులో చెప్పి అమ్మేవారు ఆ వీధుల్లో ఉన్నారు. నైట్రేటు విషయంలో ఆ మాట చాలావరకు నిజమే. నాచు విషయంలో ఎందుకు తరచు తప్పుతుందో తెలియాలంటే ఈ పూసలు తొట్టెల్లోకి ఏ దారిన వచ్చాయో కొంత వెనక్కి వెళ్లి చూడాలి.

సముద్రజీవులను గాజు వెనుక పెంచడం ఈ ఊరికి కొత్త కాదు. మద్రాసు మ్యూజియం సూపరింటెండెంటు ఎడ్గార్ థర్స్టన్ చొరవతో మెరీనా ఒడ్డున 1909లోనే అక్వేరియం వెలిసింది. సముద్రం ఎదురుగా ఉన్నచోట చెడిన నీటిని పారబోసి కొత్త నీరు తోడుకోవచ్చు గాని, ఇంట్లో 300 లీటర్ల తొట్టెకు ఆ వెసులుబాటు లేదు. చేపకు వేసిన మేతలోని నత్రజని అమ్మోనియాగా నీటిలో కలుస్తుంది. ఒక జాతి బాక్టీరియా దాన్ని నైట్రైటుగాను, మరొక జాతి నైట్రేటుగాను మారుస్తాయి. అక్కడితో ఆ గొలుసు ఆగిపోయి, నైట్రేటు వారంవారం పేరుకుంటుంది. మేతలోని ఫాస్ఫరస్ ఫాస్ఫేటుగా మారి దానికి తోడవుతుంది. ఈ రెండూ నాచుకు ఎరువులే.

ఇండోనేషియాలో లీ చిన్ ఎంగ్ అనే ఆయన సముద్రం నుంచి తెచ్చిన సజీవమైన రాళ్లతో, గాలి బుడగలతో మాత్రమే పగడాలను బతికించిన పద్ధతిని 1961లో ప్రచురించారు. ఆ సూత్రాన్నే జర్మన్ అభిరుచిపరులు, ముఖ్యంగా బెర్లిన్ వారు, ప్రొటీన్ స్కిమ్మరుతో, అంటే నీటిలోని మలినాలను సన్నని బుడగల నురగతో బయటికి తోసే పరికరంతో, జతచేసి స్థిరపరిచారు. అమెరికాలో మాత్రం 1986లో జార్జ్ స్మిట్ రాసిన వ్యాసాలతో ట్రికిల్ ఫిల్టర్లకు గిరాకీ పెరిగింది. నీటిని ప్లాస్టిక్ బంతుల మీదుగా ధారగా జార్చే ఆ ఫిల్టరు అమ్మోనియాను బ్రహ్మాండంగా తొలగించింది, అంతే బ్రహ్మాండంగా నైట్రేటును పోగుచేసింది.

నైట్రేటును నత్రజని వాయువుగా మార్చే బాక్టీరియాకు రెండు కావాలి: ప్రాణవాయువు అడుగంటిన చోటు, తినడానికి సేంద్రియ కర్బనం. స్కిమ్మరు శుభ్రంగా పనిచేసే తొట్టెలో ఆ రెండోదే కరువు. మురుగునీటి శుద్ధి కేంద్రాల్లో ఈ లోటు తీర్చడానికి ఎప్పటినుంచో మెథనాలు కలుపుతున్నారు. 2000 తర్వాతి సంవత్సరాల్లో జర్మన్ తొట్టెల్లోకి అదే ఉపాయం వోడ్కా రూపంలో వచ్చింది. చక్కెర, వెనిగరు కూడా వచ్చాయి. రోజుకు కొన్ని చుక్కలు వేస్తే బాక్టీరియా విపరీతంగా పెరిగి, తమ ఒంటి నిర్మాణం కోసం నైట్రేటును, ఫాస్ఫేటును పీల్చుకుంటుంది, స్కిమ్మరు ఆ బాక్టీరియాను నురగతో సహా బయటికి తోస్తుంది. చిక్కల్లా మోతాదులో ఉంది. చెయ్యి జారి రెండింతలు పడితే రాత్రికి రాత్రే నీరు పాలలా తెల్లబడి, ప్రాణవాయువు చాలక తెల్లారేసరికి చేపలు తేలిపోతాయి.

కర్బనాన్ని ఘనరూపంలో ఇచ్చి, కావలసినంతే కొరుక్కుతినమని బాక్టీరియాకే వదిలేస్తే ఈ ప్రమాదం తగ్గుతుందన్న ఆలోచనకు సరకు అప్పటికే సిద్ధంగా ఉంది. కొన్ని బాక్టీరియాలు మనిషి ఒంట్లో కొవ్వులా తమ కణాల్లో దాచుకునే పాలీహైడ్రాక్సీబ్యూటిరేటును ఫ్రెంచి శాస్త్రవేత్త మారీస్ లెమాయిన్ 1920ల మధ్యలోనే గుర్తించారు. బ్రిటన్‌కు చెందిన ఐసీఐ సంస్థ దాన్నే బయోపాల్ పేరిట మట్టిలో కలిసిపోయే ప్లాస్టిక్‌గా తయారుచేసింది. 1990లో జర్మనీలో షాంపూ సీసాలు కూడా దానితో వచ్చాయి. పెట్రోలియం ప్లాస్టిక్‌తో ధరలో పోటీపడలేక ఆ వ్యాపారం మందగించింది. 2000లో స్టుట్‌గార్ట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఈ కోవకు చెందిన పాలిమర్ గుళికలను, చేపల పెంపకంలో తిరిగి వాడుకునే నీటిలోని నైట్రేటు తొలగింపు మీద ప్రయోగించి ఫలితాలు ప్రకటించారు. గుళికే బాక్టీరియాకు ఇల్లు, గుళికే తిండి. ఆ తర్వాత పదేళ్లకు, 2010 ప్రాంతంలో, యూరప్ కంపెనీలు వాటిని డబ్బాల్లో పోసి పగడాల తొట్టెల కోసం అమ్మడం మొదలుపెట్టాయి. బాక్టీరియా దాచుకున్న కొవ్వును మళ్లీ బాక్టీరియాకే మేతగా పెట్టడమన్నమాట.

పూసలు ఒకదానికొకటి అతుక్కోకుండా నీటి ఒరవడి వాటిని కదుపుతూ ఉండాలి. రాపిడికి ఊడిన బాక్టీరియా జిగురు నేరుగా స్కిమ్మరు నోటికి అందేలా, రియాక్టరు నుంచి నీరు బయటికి వచ్చే గొట్టాన్ని అమర్చాలి. స్కిమ్మరు బలహీనంగా ఉంటే ఆ జిగురు తొట్టెలోనే కుళ్లి, తీసిన పోషకాలు తిరిగి నీటిలోకే చేరతాయి. దుకాణంలో పూసలతో పాటు ఈ మాట కూడా చెప్పే వ్యాపారి దొరకడం అదృష్టం.

అసలు పేచీ నిష్పత్తిది. సముద్రపు ప్లవకాల్లో (నీటిలో తేలాడే సూక్ష్మజీవుల్లో) కర్బనం, నత్రజని, ఫాస్ఫరస్ అణువులు సుమారు 106:16:1 లెక్కన ఉంటాయని ఆల్ఫ్రెడ్ రెడ్‌ఫీల్డ్ గమనించారు. పూసల మీది బాక్టీరియా కూడా ఇంచుమించు ఇదే లెక్కన పీల్చుకుంటుందనుకుని దీన్ని తొట్టె పరీక్షల భాషలోకి మారిస్తే, ఒక మిల్లీగ్రాము ఫాస్ఫేటు పోవడానికి సుమారు పది మిల్లీగ్రాముల నైట్రేటు కావాలి. లీటరు నీటిలో 2 మిల్లీగ్రాముల నైట్రేటు, 0.5 మిల్లీగ్రాముల ఫాస్ఫేటు ఉన్న తొట్టెను తీసుకుందాం. నైట్రేటు పూర్తిగా అయిపోయేసరికి ఫాస్ఫేటులో 0.2 మాత్రమే తగ్గుతుంది, 0.3 అలాగే మిగులుతుంది. పైగా పూస మీది జిగురు లోపలి పొరల్లో ప్రాణవాయువు ఉండదు కాబట్టి నైట్రేటు కొంత వాయువుగానూ ఎగిరిపోతుంది. ఫాస్ఫేటుకు అటువంటి రెండో దారి లేదు. అందువల్ల నైట్రేటు ముందు సున్నాకు చేరి, పూసల పని అక్కడ నిలిచిపోతుంది. ఎర్రటి జిగురుపొరగా ఇసుక మీద పరుచుకునే సయనోబాక్టీరియాలో కొన్నిటికి నీటిలో కరిగిన నత్రజని వాయువునే స్థిరీకరించుకునే శక్తి ఉంది. మిగిలిన ఫాస్ఫేటు వాటికి విందుభోజనం. పరీక్షలో నైట్రేటు సున్నా చూపిస్తుండగా ఇసుక ఎర్రబడుతున్నదని గోలపెట్టే యజమానులు చూసేది దీన్నే. ఇనుప ఆక్సైడు గుళికలతో ఫాస్ఫేటును విడిగా తీయడం, వాడే పూసల మొత్తం తగ్గించడం, అవసరమైతే నైట్రేటునే కొలిచి తిరిగి వేయడం అన్న అలవాట్లు ఈ అనుభవం నుంచే పుట్టాయి.

మన దగ్గర మరో తేడా ఉంది. నీటిని దాదాపు పోషకరహితంగా ఉంచాలన్న లక్ష్యం యూరప్‌లో కొమ్మల్లా పెరిగే గట్టి పగడాల రంగు కోసం ఏర్పడింది. ఇక్కడ దిబ్బలు కట్టే గట్టి పగడాలను 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చినందున వాటిని మన సముద్రం నుంచి తీయడం నేరం. అందుకే ఇళ్లలో ఎక్కువగా కనిపించేవి మెత్తని పగడాలు, పుట్టగొడుగుల్లాంటి పగడాలు, చిన్న పూలగుత్తుల్లా పరుచుకునే జోయాంథిడ్లు. కాస్త పోషకాలున్న నీటిలో అవి బాగా విచ్చుకుంటాయి. నీటిలో పోషకాలు మరీ తగ్గితే ముడుచుకుపోతాయి. పరాయి ఊరి వైద్యాన్ని మన జబ్బు ఏదో చూడకుండా తెచ్చుకున్నట్టయింది.

చెన్నై వేడి, కరెంటు కోతలు వేరే లెక్క. వెచ్చని నీరు తక్కువ ప్రాణవాయువును పట్టి ఉంచుతుంది, బాక్టీరియా దాన్నే మొదట వాడుకుంటుంది. పంపు ఆగితే రియాక్టరు గొట్టంలోని ప్రాణవాయువు త్వరగా హరించుకుపోతుంది. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 2.7 గ్రాముల సల్ఫేటు ఉన్నందున దాని నుంచి హైడ్రోజన్ సల్ఫైడు పుడుతుంది. 2016 డిసెంబరు 12న వర్దా తుపాను వచ్చినప్పుడు పెరంబూరులో మా వీధికి కరెంటు మూడోనాటికి గాని రాలేదు. ఇన్వర్టరు మీద గాలి పంపు నడిపించాను గాని రియాక్టరు సంగతి తలపుకు రాలేదు. కరెంటు రాగానే పంపులన్నీ ఒక్కసారి తిరిగాయి, గది నిండా కుళ్లిన గుడ్ల కంపు కొట్టింది, మర్నాటి ఉదయానికి రెండు క్లౌన్ చేపలు ఇసుక మీద పడి ఉన్నాయి.

అప్పటినుంచి కరెంటు గంటకు మించి పోతే, తిరిగి రాకముందే రియాక్టరు ప్లగ్గు పీకేస్తాను. వచ్చాక గొట్టాన్ని విప్పి, లోపలి నీటిని మోరీలో పారబోసి, పూసలను తొట్టె నీటితోనే రెండుసార్లు కడిగి బిగిస్తాను. మొదట పోసిన పూసల్లో ఇప్పుడు మూడోవంతే వాడుతున్నాను. నైట్రేటు లీటరుకు 5 మిల్లీగ్రాముల దగ్గర ఉంటున్నది, ముందరి గాజు మీద వారానికోసారి గీకవలసినంత నాచు వస్తున్నది, మెత్తని పగడాల్లో ఒకటైన తోలు పగడం మాత్రం పొద్దున్నే విచ్చుకుంటున్నది.